పిల్లలకు లోటు లేదంటే ఒప్పుకోను

డిసెంబర్ మొదటి ఆదివారం దాటిందంటే వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లలోనూ ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ఆరాధన ముగిశాక చర్చి మెట్ల దగ్గర, నక్కలగుట్ట షోరూముల్లో బిల్లు కౌంటర్ ముందు, జేపీఎన్ రోడ్డు దుకాణాల్లో, ఎక్కడైనా సరే అదే మాట. "మాకు తీరిక దొరకదు గానీ, పిల్లలకు మాత్రం ఏ లోటూ రానియ్యం." ఆ వెంటనే సంచిలో ఏమేం ఉన్నాయో కూడా చెప్తారు. రిమోట్ కారు, గేర్ల సైకిల్, ట్యాబ్, పండుగనాటికి ఒక జత, మర్నాటికి ఇంకో జత.

ఇలా అనేవాళ్లు పిల్లల మీద ప్రేమ లేనివాళ్లు కారు. చీకటితో లేచి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయి, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరే తండ్రి ఈ మాట అంటాడు. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో పనిచేసి వచ్చి మళ్లీ వంటింట్లో నిలబడే తల్లి ఈ మాట అంటుంది. ప్రేమతో అనే మాట కాబట్టే దీన్ని ఎవరూ నిలదీయరు. నేను నిలదీస్తున్నాను. తిండికీ బట్టకూ కొదవ లేని ఇంట్లో పిల్లవాడికి ఏదైనా లోటుందంటే అది అమ్మానాన్నల లోటే. దాన్ని వస్తువుతో పూడ్చామనుకోవడం మన మనసుకు మనం చెప్పుకునే సర్దుబాటు. పిల్లవాడికి దానివల్ల ఒరిగేది చాలా తక్కువ.

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. ఏడాదికి ఒక్కసారే కొత్త బట్టలు కుట్టించుకున్న తరాలు మన వెనక ఉన్నాయి. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో దళిత క్రైస్తవ కుటుంబాలకు క్రిస్మస్ చొక్కా అంటే ఒంటి నిండా మంచి బట్ట కట్టుకుని ఊరి నడిబజారులో తలెత్తి నడిచే హక్కు. అది దక్కడానికి ఎన్ని అవమానాలు దిగమింగారో ఆ ఇళ్లలోని ముసలివాళ్లను అడిగితే చెప్తారు. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం పేద క్రైస్తవ కుటుంబాలకు క్రిస్మస్ కానుకగా బట్టలు పంచింది. ఓట్ల కోసమని కొందరు, నాణ్యత లేదని కొందరు విమర్శించారు. నేను వాళ్లతో గొంతు కలపను. లేని ఇంటికి చేరిన చీర, చొక్కా గుడ్డ అవసరాలు. అక్కడి తల్లిదండ్రులకు ఈ వ్యాసం పాఠం చెప్పదు. నా తగువు ఉన్నవాళ్లతో. బీరువా నిండి, మంచం కింద అట్టపెట్టెలు పేరుకుపోయి, నిరుటి క్రిస్మస్ బొమ్మకు బ్యాటరీ కూడా మార్చకముందే ఈ ఏటి బొమ్మ కొనే ఇళ్లతో.

ఆ ఇళ్ల నుంచి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. "మాకు చిన్నప్పుడు ఏవీ లేవు. మేం పడ్డ కష్టం మా పిల్లలు పడొద్దు." ఇది నిజమైన బాధలోంచి వచ్చిన మాట. కానీ సగమే నిజం. లేనివి గుర్తున్నాయి గానీ, ఉన్నదేమిటో గుర్తు లేదు.

ఇంటి మీద కట్టే స్టార్ సంగతే తీసుకోండి. అప్పట్లో కొనేవాళ్లం కాదు, కట్టేవాళ్లం. వెదురు బొంగును సన్నగా చీల్చి, కత్తితో ఈనెలు లేకుండా గీకి, ఐదు మూలల చట్రాలు రెండు కట్టాలి. ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి మూలల దగ్గర దారంతో బిగించి, మధ్యలో వేలెడంత పుల్లలు అడ్డంగా నిలపాలి. అప్పుడే స్టార్‌కు పొట్ట వస్తుంది. మైదాపిండి ఉడికించి లై చేసి, రంగు కాగితం అతికించాలి. లై పలచనైతే కాగితం జారుతుంది, చిక్కనైతే ముడత పడుతుంది. బల్బు పెట్టడానికి వెనక ఒక రేకు విప్పి ఉంచాలి. అది మరిచిపోతే అంటించిందంతా చింపాల్సిందే. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పెద్దవాళ్లు బద్ద వంచి పట్టుకుంటే చిన్నవాళ్లు దారం చుట్టాలి. చుట్టేటప్పుడు మాటలు వస్తాయి. బళ్లో ఎవడు కొట్టాడో, లెక్కల్లో ఎన్ని మార్కులు తగ్గాయో, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లలు చేతిలో పని ఉన్నప్పుడు వాళ్లంతట వాళ్లే చెప్తారు. గరిజెలు చేసేటప్పుడూ అంతే. అమ్మ పూరీ వత్తి లోపల పిండి పెట్టిస్తే, అంచు మడతలు పడేలా నొక్కడం పిల్లల పని. ఆ మడతలు వంకరపోయినా ఆ గరిజెలే పక్కింటి పళ్లెంలోకి వెళ్లేవి, "ఇవి మా చిన్నది చేసింది" అనే మాటతో సహా.

పాత రోజులన్నీ బంగారమని అనడం లేదు. పిల్లలను దగ్గరకు తీయని తండ్రులు, పండుగనాడే తాగొచ్చి ఇల్లు రచ్చ చేసిన తండ్రులు అప్పుడూ ఉన్నారు. అయితే పండుగ పనే పెద్దలనూ పిల్లలనూ ఒకచోట కూర్చోబెట్టేది. ఇవాళ చౌరస్తాలో మడత విప్పితే చాలు స్టార్ అయ్యే కాగితం స్టార్లు దొరుకుతాయి. ఎల్‌ఈడీ స్టార్‌కైతే బల్బు కూడా అక్కర్లేదు. పిండివంటలు స్వీట్ హౌస్ నుంచి కిలోల లెక్కన వస్తాయి. కొనడం పాపమని అనను. పని తగ్గింది, మంచిదే. కానీ ఆ పనికి పట్టే రెండు మూడు సాయంత్రాలు మిగలాలి కదా? అవి పిల్లలకు రాలేదు. వాటిని ఎటో పంపించేసి, మాకు లేనివన్నీ పిల్లలకు ఇస్తున్నామని అంటున్నాం. మనకు ఉన్న ఒక్కటి మాత్రం ఇవ్వడం లేదు.

రెండో జవాబు వాక్యం పేరుతో వస్తుంది. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకు కానుకలు తెచ్చారు కాబట్టి క్రిస్మస్‌కు పిల్లలకు కానుకలివ్వడం వాక్యానుసారమే అంటారు. మత్తయి సువార్త రెండో అధ్యాయం ఇంకోసారి చదవండి. ఆ జ్ఞానులు కానుకలు పంపించలేదు. తామే వచ్చారు. చుక్కను చూసి బయలుదేరి, దారి అడుక్కుంటూ నడిచి వచ్చారు. వచ్చి సాష్టాంగపడ్డాకే పెట్టెలు విప్పారు. బంగారం, సాంబ్రాణి, బోళం పసివాడు ఆడుకునే వస్తువులూ కావు. లూకా చెప్పిన గొర్రెల కాపరులైతే ఏం తెచ్చారో ఒక్క ముక్క కూడా లేదు. రాత్రి కాపలా పనిలో ఉన్న మనుషులు వాళ్లు. మందను విడిచి వచ్చి చూశారు, అంతే. అయినా మన ప్రతి క్రిబ్‌లో వాళ్లకు చోటు పెట్టాం.

క్రిస్మస్ తాత సంచి సంగతి చూస్తే అది మన సంఘాల్లో పుట్టింది కాదు, మరీ పాతదీ కాదు. 4వ శతాబ్దపు మైరా బిషప్ నికొలస్ పేరు మీద యూరప్‌లో డిసెంబర్ 6న పిల్లలకు చిన్న చిన్న కానుకలిచ్చే ఆచారం ఉండేది. 1823లో అమెరికాలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో అచ్చయిన ఒక కవిత, జింకల బండి మీద క్రిస్మస్ ముందురాత్రి వచ్చే తాతను ఇంటింటికీ పరిచయం చేసింది. 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆ ఎర్రకోటు రూపాన్ని ప్రపంచమంతా తిప్పాయి. ఒక వ్యాపార ప్రకటన బొమ్మ పక్కన పిల్లవాణ్ని నిలబెట్టి ఫోటో తీసుకోవడంలో తప్పు లేదు. దాన్ని విశ్వాసమని, ఆచారమని నాకు చెప్పొద్దు.

మన ప్రాంతపు ఆచారమే కావాలంటే దగ్గర్లోనే ఉంది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ 2016 దాకా వరంగల్ జిల్లాలోనిదే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడే పనిచేశారు. ఆయన సంఘంలో ఎక్కువమంది కూలినాలి చేసుకునే దళితులు. డబ్బు కానుక ఇవ్వలేనివాళ్లు. అన్నం వండే ప్రతిపూటా పిడికెడు బియ్యం పక్కన పెట్టడం ఆ ఇళ్లలో స్త్రీల అలవాటు. 1930లలో సాక్ష్యపు వారం పాటించి, పనిపాటలున్న మనుషులు తమ రోజులనే సంఘానికి కానుకగా ఇచ్చారు. చేతిలో ఏమీ లేని ఆ మనుషులకు సమయం కానుకేనని తెలుసు. వాళ్ల మనుమలమూ మునిమనుమలమూ అయిన మనకు చేతిలో అన్నీ వచ్చాక ఆ ఒక్కటి తెలియకుండా పోయింది.

ఇక అసలైన జవాబు. "మంచిదే, కానీ టైం ఏది?" ఇక్కడ అందర్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కాజీపేట రైల్వే కాలనీలో లోకో పైలట్ కుటుంబాన్ని అడగండి. ఎప్పుడు పిలుపొస్తే అప్పుడు డ్యూటీ. పండుగ పూట బండ్లు ఆగవు. ఎంజీఎం ఆసుపత్రిలో 24 రాత్రి డ్యూటీ పడ్డ నర్సు వార్డు వదిలి రాలేదు. డిసెంబర్ అంటే పత్తి ఏరే కాలం, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు దిగే కాలం. కూలి మానుకుంటే పూట గడవని తల్లిదండ్రులకు పిల్లలతో గడపండి అని ఉపదేశం చేయడం క్రూరత్వం. గల్ఫ్‌లో ఉండి ఫోన్‌లోనే పిల్లల ముఖం చూసుకునే తండ్రి సంగతీ అంతే. వాళ్ల సమయం వాళ్ల చేతిలో లేదు. ఆ తప్పు వాళ్లది కాదు.

అయినా వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది. క్రిస్మస్ 25వ తేదీతో అయిపోదు. సంఘ పంచాంగం ప్రకారం ఆ పండుగ పన్నెండు రోజులు నడిచి జనవరి 6న ఎపిఫనీకి చేరుతుంది. డోర్నకల్ కథీడ్రల్‌కు ఎపిఫనీ పేరే పెట్టారు, దాన్ని ప్రతిష్ఠించింది కూడా 1939 జనవరి 6నే. 25న డ్యూటీ పడితే 28న పండుగ చేసుకోవచ్చు, జనవరి 1న చేసుకోవచ్చు. చిన్నపిల్లలకు క్యాలెండర్ పట్టింపు ఉండదు. అమ్మ ఇంట్లో ఉన్న రోజే వాళ్లకు పండుగ. బాధపడుతూ పెద్ద బొమ్మ కొనిచ్చి డ్యూటీకి పోవడం కన్నా, "నాకు గురువారం సెలవు, ఆరోజు మనం భద్రకాళి బండ్ మీదికి పోదాం" అని చెప్పి, చెప్పినట్టు తీసుకెళ్లడం మేలు. ఆ మాట నిలబెట్టుకోవడమే ముఖ్యం.

సమయం చేతిలో ఉన్నవాళ్ల మాటేమిటి? నా కోపమంతా ఇక్కడే. తెలంగాణలో 25తో పాటు 26 కూడా సెలవు. మిషన్ బడులకు ఇంకా కొన్ని రోజులు కలిసొస్తాయి. ఈ రోజులన్నీ ఎవరు తీసుకుంటున్నారు? మనమే ఎవరికో ధారపోస్తున్నాం. డిసెంబర్ 1 నుంచి సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఆఫీసులో ఒకటి, కాలనీలో ఒకటి, స్త్రీల సమాజంలో ఒకటి, యూత్‌ది ఒకటి, ఎమ్మెల్యే గారి సమక్షంలో ఇంకొకటి. ప్రతిదానికీ వేదిక, శాలువాలు, కేకు, వరసగా ప్రసంగాలు, రాత్రి పదకొండు దాటాక బిర్యానీ. కమిటీలో ఉన్న తండ్రి నెలంతా ఇంట్లో కనబడడు. ఇంట్లో ఉన్న కాసేపు కూడా షామియానా వాళ్లతో, సౌండ్ వాళ్లతో ఫోన్‌లోనే ఉంటాడు. సంఘ కాపరుల ఇళ్లలో పరిస్థితి మరీ కష్టం. ఊరందరి పిల్లల తలల మీద చేయి పెట్టి ప్రార్థన చేసే మనిషికి తన పిల్లలతో కూర్చుని అన్నం తినే రాత్రి డిసెంబర్‌లో ఒక్కటీ దొరకదు. అడిగితే "దేవుని పని" అంటారు. ఆ మాట అన్నాక ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. సంఘాన్ని నడిపేవాడు ముందు తన ఇంటిని చక్కదిద్దుకోవాలన్న హెచ్చరిక పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. కాబట్టి నేను ఎదురు చెప్తున్నాను. నెలకు ఇన్ని సభలు దేవుడు అడగలేదు. పిల్లలను పక్కన పెట్టి చేసే పండుగను, పసిబిడ్డగా వచ్చినవాడి పండుగ అని పిలవడం నాకు కష్టంగా ఉంది.

పోనీ పిల్లల కార్యక్రమానికైనా మనం పూర్తిగా హాజరవుతున్నామా? ఏ సండే స్కూల్ క్రిస్మస్ నాటకమైనా చూడండి. తలకు తువ్వాలు చుట్టుకున్న కాపరులు, అట్టకు బంగారు కాగితం అంటించిన కిరీటాలతో జ్ఞానులు, వీపున థర్మాకోల్ రెక్కలు కట్టుకున్న దూత. దూత వేషం వేసిన పాపకు ఉన్నది రెండే మాటలు. మైకు ముందుకు రాగానే మొదటిది మరిచిపోతుంది. కింద కూర్చున్నవాళ్లలో అమ్మ కళ్ల కోసం వెతుకుతుంది. అమ్మ ముందు వరసలోనే ఉంది, కానీ ముఖానికి అడ్డంగా ఫోన్ ఉంది. నాన్న ముఖానికీ ఫోనే. పాపకు కనిపించేది వరసగా పైకెత్తిన ఫోన్లు. ఆ క్షణంలో ఒక నవ్వు, ఒక తలూపు దొరికితే ఆ మాట గుర్తొచ్చేది. వీడియో తర్వాత స్టేటస్‌లో పెడతారు. ఆ పాపకు మర్నాడు టెడ్డీబేర్ కొనిస్తారు.

"పక్క ఫ్లాట్ పిల్లలకు అన్నీ ఉంటే మావాళ్లు చిన్నబోరా?" అనేది ఇంకో మాట. చిన్నబోతారు. కాదనను. కానీ ఆ పోలిక పిల్లల బుర్రలో ముందు పెట్టిందెవరు? 2011లో యునిసెఫ్ ప్రచురించిన ఒక అధ్యయనం బ్రిటన్, స్పెయిన్, స్వీడన్ పిల్లల సంతోషం గురించి వాళ్లనే అడిగింది. మూడు దేశాల పిల్లలూ ముందుగా చెప్పింది ఇంట్లోవాళ్లతో గడిపే సమయం, స్నేహితులు, చేయడానికి ఏదో ఒక పని, బయట తిరగడం. కొనాలనే ఒత్తిడిలో చిక్కుకుపోయింది ఎక్కువగా బ్రిటన్ తల్లిదండ్రులు. సమయం ఇవ్వలేక వస్తువులు కొంటూ, వాటివల్ల ఫలితం లేదని తెలిసీ ఆపలేకపోయారు. స్వీడన్‌లో 1991 నుంచే పన్నెండేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించి టీవీలో ప్రకటనలు వేయకూడదన్న చట్టం ఉంది. మనకు అలాంటి చట్టం లేదు. అంతకుమించి, పండుగనాడు పిల్లవాడు కనబడగానే "ఏం కొనిచ్చిండ్రు?" అని అడిగేది మన బంధువులే, మనమే. "ఏం చేసినవ్? ఎవరింటికి పోయినవ్?" అని అడిగే పెద్దమనిషి ఒక్కరుండరు. పిల్లలు నేర్చుకునేది మన ప్రశ్నల నుంచే.

"మేం మాల్‌కు తీసుకెళ్తాం, సినిమాకు తీసుకెళ్తాం, అది సమయం కాదా" అంటారు కొందరు. కొంతవరకు అవును. కానీ ట్రాలీ తోసుకుంటూ, పార్కింగ్ వెతుక్కుంటూ, ఫుడ్ కోర్టులో తలా ఒక ఫోన్ చూసుకుంటూ గడిచేదాన్ని నేను ఆ లెక్కలో వేయలేను. ఖిల్లా వరంగల్ తోరణాల నీడలో ఒక పూట తిరగడానికి పెద్ద ఖర్చేం కాదు. కాజీపేట ఫాతిమా నగర్ కథీడ్రల్‌లో పశువులపాక చూపించి, ఆ గడ్డి ఎందుకు పరిచారో, 1223లో ఇటలీలోని గ్రేచ్చోలో ఫ్రాన్సిస్ అనే సన్యాసి బతికున్న ఎద్దునూ గాడిదనూ పెట్టి పశువులపాక ఎలా కట్టాడో చెప్పడానికి అసలే ఖర్చు లేదు. ఇంట్లో పెద్దామె ఉంటే, ఆమె చిన్ననాటి క్రిస్మస్ ఎట్లుండేదో పిల్లలకు చెప్పించండి. ఆమెకూ ఎవరైనా కూర్చుని వినాలని ఉంటుంది.

చివరగా హాస్టళ్ల గురించి. హన్మకొండ నిండా జూనియర్ కాలేజీల హాస్టళ్లే. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట, జనగామ వైపు పల్లెల నుంచి వచ్చిన పదహారు, పదిహేడేళ్ల పిల్లలు అందులో ఉంటారు. డిసెంబర్ చివరికి సిలబస్, రివిజన్, పరీక్షలు అని ఔటింగ్‌లు ఆపేస్తారు. 24 సాయంత్రం గేటు దగ్గర కొత్త బట్టల కవర్లు, కేకు డబ్బాలు పట్టుకుని తల్లిదండ్రులు నిలబడతారు. పేరు, రూమ్ నంబర్ రాసిచ్చి వాచ్‌మన్‌కు అప్పగించి, ఊచల్లోంచి రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోతారు. పిల్ల ఏడుస్తుందేమోనని కొందరు ఆ రెండు నిమిషాలూ ఉండరు. "వాళ్ల భవిష్యత్తు కోసమే కదా" అని సర్దుకుంటారు. రెండు రోజులు ఇంటికొస్తే పాడయ్యే చదువు ఏదీ లేదు. పిల్ల లోపల ఎంత నలిగిపోతోందో ఇంటికొస్తేనే తెలుస్తుంది, ఊచల్లోంచి తెలియదు.

అందుకే సంఘ పెద్దలకు, కాపరులకు ఒక మనవి. డిసెంబర్ 20 దాటాక రాత్రి సభలు పెట్టకండి, కుటుంబాలను ఇళ్లకు వదిలిపెట్టండి. హాస్టల్ గేటు దగ్గరికి పోయే తల్లిదండ్రులకు ఇంకో మనవి. ఈసారి కేకు డబ్బా వాచ్‌మన్ చేతికివ్వకండి. ఔటింగ్ లేదంటే 25, 26 రెండు రోజులూ ప్రభుత్వం ఇచ్చిన సెలవులని చెప్పండి. సంతకం పెట్టి పిల్లను బండెక్కించుకుని ఇంటికి తీసుకుపొండి.